నిమ్మరసం రాత

పటాలానికి పోయే ముందురోజు దేవరాజులు వంటింట్లో భార్య తిరుమలమ్మకు ఒక కిటుకు నేర్పాడు. నిమ్మరసంలో పుల్ల ముంచి రాస్తే ఏమీ కనబడదు. సెగ చూపితే అక్షరాలు గోధుమరంగులో పైకి తేలతాయి.

"పోస్టుకార్డును ఊరంతా సదువుతారు. మన మాటలు మాత్రం ఇట్ల రాసుకుందాం," అన్నాడు.

యుద్ధం ముగిశాక, వెళ్లిన నాలుగేళ్లకు పుత్తూరులో రైలు దిగాడు. తిరుమలమ్మ రాసిన కార్డులన్నీ కట్టగట్టి తెచ్చాడు.

"ఏందిమే, 'ఈడ క్షేమం' తప్ప ఇంకో మాటే రాయలేదే," అని నవ్వి, స్నానానికి పెరట్లోకి వెళ్లాడు.

ఒక్క కార్డుకూ సెగ తగిలిన మరక లేదు.

ఆమె కట్ట విప్పి ఒక్కొక్కటే పొయ్యిలో వేసింది. కాలేముందు ప్రతి కార్డు మీదా అక్షరాలు తేలాయి:

"ఒక్కదాన్నే ఉండలేకపోతా ఉండాను."