నలభై అడుగుల ఎత్తుకో గొట్టం

“ఇంకాస్త నొక్కండి టీచర్,” అన్నాడు కరుణన్.

యంత్రం మూలిగింది. దాని దవడల మధ్య ఉక్కు గొట్టం విల్లులా వంగింది. ఇంకా వంగింది. విరగలేదు.

కరుణన్ గెలిచినవాడిలా భార్య వైపు తిరిగాడు. వనజ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని అరటికాయ చిప్స్ నములుతోంది.

“చూశావా? ఉక్కు మర్యాదస్తురాలు. ‘ఇక నావల్ల కాదు, దిగండి’ అని వంగి మరీ చెప్తుంది.”

“అది చెప్పేలోపు దాన్ని మోయలేక నేను చస్తాను కరుణేట్టా. రెండోది పెట్టమను.”

తలశ్శేరిలో పాలిటెక్నిక్ ప్రయోగశాల అది. ఇలాంటి పనికి బయటివాళ్ళని లోపలికి రానివ్వరు. కానీ జలజ టీచర్ చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి సర్కస్‌లో వీళ్ళిద్దరి ఊయలాట చూసింది. తలకిందులుగా వేలాడే కరుణన్ చేతుల్లోకి వనజ గాల్లోంచి వచ్చి వాలేది. ఆ జంట వెతుక్కుంటూ గుమ్మంలోకి వస్తే కాదనలేకపోయింది.

ఆమె అల్యూమినియం మిశ్రమం గొట్టాన్ని బిగించింది. అదే లావు, అదే మందం. బరువు మాత్రం ఉక్కులో మూడో వంతు. నొక్కితే ఉక్కుకన్నా ఎక్కువే వంగింది, వదిలితే స్ప్రింగులా వెనక్కొచ్చింది.

“ఆ ఊపు బావుంది, ఒంటికి కుదుపు తగలదు,” అంది వనజ.

“ఇంకా నొక్కండి,” అన్నాడు కరుణన్.

ఠప్! తుపాకీ పేలినట్టయింది. కరుణన్ ఒక్క అంగ వెనక్కి గెంతాడు. వనజ నమలడం ఆపింది.

“భయపడకండి. ఇది విరిగింది అక్క బరువుకి ఎన్నో రెట్లు నొక్కాక,” అంది టీచర్. “ఎగిరొచ్చి వాలినప్పుడు పడే దెబ్బని కూడా రెండూ తట్టుకుంటాయి. తేడా వేరే చోట ఉంది. హద్దులో ఉంచితే ఉక్కు ఏళ్ళ తరబడి అలిసిపోదు. అల్యూమినియం అలా కాదు, ప్రతి చిన్న దెబ్బా కడుపులో దాచుకుంటుంది. ఒకరోజు చెప్పాపెట్టకుండా విరుగుతుంది.”

“మా అత్తగారిలాగ,” అంది వనజ.

“నవ్వులాటగా ఉందా? అక్కడ విరిగితే ఎక్కడుంటావో తెలుసా?”

“నలభై అడుగుల పైన. నాకు తెలీదా?” వనజ చిప్స్ పొట్లం మడిచింది. “ఉక్కు మన సముద్రపు గాలికీ, నా చెమటకీ తుప్పు పడుతుంది. పైగా దాన్ని మోసుకుని నిచ్చెనెక్కేది నేను, నువ్వు కాదు.”

కరుణన్ విరిగిన ముక్కని యంత్రంలోంచి తీశాడు. పాలక్కాడు మకాంలో వల మూల కట్టు ఊడిన మధ్యాహ్నం అతని కళ్ళముందే ఉంది. ఇన్నేళ్ళలో ఆమె మణికట్టు అతని చేతుల్లోంచి జారింది లేదు. ఆ రోజూ జారలేదు. ఆట అయిపోయాక వల మీదికి దూకింది, అంతే. అప్పట్నుంచీ ఆమె పైకెక్కలేదు. మేనేజరు కూడా మంచిమాటగానే చెప్పాడు: “కుక్కపిల్లల ఆట చూసుకో వనజా. నిన్నెవరూ తక్కువగా చూడరు.” ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

“ఒకటడగనా?” అంది వనజ. “బరువుకి విసిగి నేనే మానేస్తాననే కదా, ఉక్కు ఉక్కు అని పట్టుబట్టావు?”

అతను ఆ ముక్కని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. జలజ టీచర్ యంత్రం తుడిచే నెపంతో అటు తిరిగింది.

“అవును,” అన్నాడు చివరికి. “పట్టుకునేవాడికి ఉండే భయం నీకేం తెలుసు?”

“నీ చేతులకి నేనెప్పుడైనా పరీక్ష పెట్టించానా?”

కరుణన్‌కి నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. ముక్కని బల్ల మీద పెట్టాడు.

“సరే, అల్యూమినియమే. కానీ ఊరు మారినప్పుడల్లా కొత్త గొట్టం. పాతది బావుందని ఒక్క మాటన్నావో, నేను ఊయలెక్కను.”

“ఎక్కకపోతే కుక్కపిల్లల్ని ఆడించుకో.”

ఓణం పండగ వెళ్ళాక కోజికోడ్ మైదానంలో డేరా లేచింది. మొదటి ఆదివారం మ్యాట్నీకే జనం కిటకిటలాడారు. వల నాలుగు మూలలూ కరుణన్ తనే లాగి చూసుకున్నాడు. తెర వెనక్కొచ్చి, నేలమీద గొంతుక్కూర్చుని, కొత్త గొట్టానికి బోల్టు బిగించాడు. పగులుందేమోనని వేలితో చుట్టూ తడిమాడు.

“వదులుగా ఉందా?” అడిగాడు.

“లేదు.”

“భయంగా ఉందా?”

“ఉంది. నీకు?”

“చచ్చేంత.”

“మంచిది. గట్టిగా పట్టుకుంటావు.”

బయట బ్యాండు మొదలైంది. మైకులో ఆమె పేరు వినిపించింది.

వనజ తన మోకాలి కింద బిగిసిన ఆ గొట్టం చివర రబ్బరు పాదం తొడిగి, ఆ కొత్త ఎడమకాలి మీద లేచి నిలబడింది.