మొదటి పొగడ్త

గోల్‌కీపర్ అవతలెక్కడో బోర్లా పడున్నాడు. నా ముందు ఖాళీ వల తప్ప నరమానవుడు లేడు. బలమంతా కూడదీసుకుని కొట్టాను. రబ్బరు బిళ్ళ మంచు మీద జారుతూ వెళ్ళి పక్కనున్న చెక్కగోడకి తగిలింది.

"శభాష్ గార్త్!" అంది స్టేడియం మొత్తం.

నా చెవుల్ని నేనే నమ్మలేదు. ఈ ఊరి నోట శభాష్ అన్న మాట వినడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

నా ఐస్ హాకీ కెరీర్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పుట్టింది కెనడాలో. మా వైపు పిల్లలు నడక కంటే ముందు మంచు మీద జారడం నేర్చుకుంటారు. నేను రెండూ ఆలస్యంగానే నేర్చుకున్నాను. పెద్ద లీగువాళ్ళు ఒకసారి పిలిచారు, నా పేరు తప్పుగా పలికారు, పంపేశారు. ఆ తర్వాత జర్మనీలో రెండో డివిజన్, స్లొవేకియాలో మూడో డివిజన్. చివరికి కజకిస్తాన్‌లో కరగండా పక్కన ఈ బొగ్గుగనుల ఊరు. ఇంతకంటే కిందికి పోవాలంటే గనిలోకే దిగాలి.

వచ్చిన రోజు నుంచీ తిట్లే. తిట్లకి పెద్ద దిక్కు బికెన్ అపా. స్టేడియం గుమ్మం దగ్గర టీ, నూనెలో వేయించిన వేడి వేడి పిండి ఉండలు, బౌర్సాక్‌లు, అమ్ముతుంది. ఊరంతటికీ పెద్దది కాబట్టి అందరికీ అపాయే, అంటే పెద్దక్కే. మ్యాచ్ మొదలైతే మూకుడు వదిలేసి అద్దాల గోడ దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

"ఒరేయ్ కుంటి ఒంటే! హాకీ ఆడుతున్నావా, ఇల్లు ఊడుస్తున్నావా?"

వెనక నుంచి గని కార్మికులు అందుకునేవాళ్ళు. "వాడికి ఆ కర్రెందుకు? ఊతకర్ర ఇవ్వండి!"

లీగులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన ఏడాది మరీ ఘోరం. ఒకే మ్యాచ్‌లో మూడు కొట్టి బయటికొస్తే, అపా నా చేతిలో బౌర్సాక్‌ల పొట్లం కుక్కి, "తిను, దండగమారి మొహమా! నీ ఆట చూసి నా పాలు విరిగిపోయాయి" అంది. దారంతా ఏడుస్తూనే తిన్నాను. బౌర్సాక్‌లు మాత్రం బాగున్నాయి.

ఇంతా చేసి నాకు ఈ ఊరంటే ప్రాణం. ఎందుకని అడిగితే చెప్పలేను. ఇంకెక్కడా నన్ను ఇంత శ్రద్ధగా తిట్టలేదు.

ఇప్పుడు ముప్పై ఏడేళ్ళు. మోకాలికి కుట్లు పడని చోటు లేదు. ఇవాళ సీజన్‌లో ఆఖరి మ్యాచ్, దీంతో నా ఒప్పందం సరి. మళ్ళీ ఏడాదికి ఉంచుతారా, సాగనంపుతారా అన్నది క్లబ్బు డైరెక్టర్ ఎర్మెక్ చేతిలో ఉంది. ఎర్మెక్ ఊరి మాట జవదాటడు. సాగనంపితే మా బావ టైర్ల కొట్టే గతి. ఆయన ఇప్పటికే నా పేరు కుట్టించి నీలం చొక్కా సిద్ధంగా ఉంచాడు.

అలాంటి రోజున ఊరు నన్ను పొగిడింది! నేను కింద పడితే "సింహం!" అన్నారు. సింహాన్ని లేపడానికి ఇద్దరు రావలసి వచ్చింది. దానికీ చప్పట్లే.

మ్యాచ్ అయ్యాక అపా స్వయంగా పిలిచి బుగ్గ నిమిరింది. "బంగారం రా నువ్వు. నీలాంటి ఆటగాడు ఈ ఊరికి ముందూ రాలేదు, ఇక రాడు." ఇన్నేళ్ళూ గిన్నె అడుగున రెండు గుక్కలు పోసి సరిపెట్టే మనిషి, ఇవాళ టీ అంచు దాకా పోసింది. నా కళ్ళు చెమర్చాయి.

ఎర్మెక్ వచ్చి భుజం తట్టాడు. "గొప్పగా ఆడావు గార్త్. రేపు పొద్దున ఒకసారి ఆఫీసుకి రా."

ఇంకేం కావాలి? అక్కడే నిలబడి మా బావకి ఫోన్ చేశాను.

"ఆ చొక్కా ఇంకెవరికైనా ఇచ్చెయ్ బావా. ఇక్కడ మనకి మహా గిరాకీ."

"ఖాయమేనా?"

"ఊరు ఊరంతా లేచి నిలబడిందయ్యా!"

"సరే, ఇంకొకణ్ణి పెట్టేసుకుంటున్నా. మళ్ళీ అడగొద్దు."

"చచ్చినా అడగను."

ఈల వేసుకుంటూ లోపలికి వెళ్తే కోల్బీ మొహాన తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. మా దేశం కుర్రాడే. ఈ చలికాలమే వచ్చాడు. ఇవాళ మా రెండు గోల్సూ వాడివే.

"అన్నా, నేను వెళ్ళిపోతాను. వీళ్ళకి నేనంటే అసహ్యం. ఆ ముసలావిడ నన్ను మూడు కాళ్ళ దూడ అంది. రెండో గోల్ కొట్టగానే అందరూ కలిసి, ఈ దరిద్రాన్ని ఎక్కణ్ణించి పట్టుకొచ్చార్రా అన్నారు."

వాళ్ళ మాటలకి అర్థం చెప్పింది నేనే. తోటి దేశస్థుడికి ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా?

"ఓర్చుకోవాలిరా," అన్నాను పక్కన కూర్చుని. "నేను ఆరేళ్ళు పడ్డాను. మంచిపేరు ఊరికే వస్తుందా? కష్టపడు. ఎప్పటికో ఒకప్పటికి నన్ను మెచ్చుకున్నట్టే నిన్నూ మెచ్చుకుంటారు."

వాడి ఏడుపు ఇంకా ఎక్కువైంది. జాలేసింది. పైగా ఇవాళ నా మాటకి విలువుంది కదా. తిన్నగా అపా దగ్గరికే వెళ్ళాను. ఆవిడ మూకుడు కడుక్కుంటోంది.

"అపా, ఆ పిల్లాణ్ణి అంతలా ఆడిపోసుకుంటారేమిటి? రెండు గోల్స్ కొట్టాడు! మెరుపులా ఉన్నాడు. ఈ చుట్టుపక్కల వాడంత ఆటగాడు..."

అపా గబుక్కున తడిచేత్తో నా నోరు మూసేసింది. అటూ ఇటూ చూసి, భుజం మీదుగా వెనక్కి ముమ్మారు ఉమ్మింది.

"మెల్లిగా అను నాయనా, వాడికి దిష్టి తగులుతుంది!"