ఒంటబట్టాలి

“బతికున్న పురుగుల్ని మింగుతానవారా?” హెప్సిబా తమ్ముడి చేతిలోంచి క్యాప్సూల్ లాక్కోబోయింది.

“పురుగులు కాదక్కా, పెరుగుల ఉండేటియే. ప్రోటీన్ పొడి ఒంటబట్టాలంటే ఇయి ఏసుకోవాలన్నరు,” అంటూ జోయెల్ గుటుక్కున మింగేశాడు.

పైకి నవ్వాడు గానీ లోపల ఒకటే భయం. రేపే రిజల్ట్. ఫిట్ అంటే సరే. అన్‌ఫిట్ అంటే ఇంకో అవకాశం లేదు.

మూడు నెలల క్రితం దాకా జోయెల్ కాశిబుగ్గలో ఫోన్లు రిపేర్ చేసుకుంటూ, పూటకో బిర్యానీ లాగించే బొద్దు మనిషి. మొదటి పరీక్షలోనే కొవ్వుందని తిప్పి పంపారు. ఆనాటి నుంచి తెల్లారగానే ఖిలా వరంగల్ మట్టికోట చుట్టూ పరుగు, ఆపైన జిమ్ము, ఉడకబెట్టిన గుడ్లు. ప్రోటీన్ పొడికి పొట్ట పూరీలా పొంగితే ఈ క్యాప్సూల్స్ రాసిచ్చారు. ఎంత పనిచేస్తాయో రాసిచ్చినవాళ్లూ గట్టిగా చెప్పలేదు.

“ఏం సెలక్షనన్నా, కానిస్టేబులా?” అని జిమ్ము కోచ్ వంశీ అడిగితే, “అసొంటిదే” అన్నాడు. నోరు తెరిచి చెబితే ఎక్కడ బెడిసికొడుతుందోనని భయం.

అమ్మ పోయినప్పటి నుంచి ముద్దలు కలిపి పెట్టి అతన్ని ఇంతవాణ్ని చేసింది హెప్సిబాయే. ఆమెకు మాత్రం ఇదేమీ ఇష్టం లేదు.

“ఇడిసిపెట్టురా ఈ పని. నీకేమన్నయితే నేనుండి ఏం లాభం?”

“నాకేం గాదు, ఫికర్ జెయ్యకు. నువ్వు జరంత తినక్కా.”

“నాకు సయిస్తలేదు. నువ్వు తింటె చాలు.”

మర్నాడు పదిన్నరకు హైదరాబాద్ నుంచి ఫోన్. చెమటకు తడిసిన వేలు స్క్రీన్ మీద రెండుసార్లు జారింది. పక్కన హెప్సిబా కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. తమ్ముడు ఫిట్ కాకూడదనే కోరుకుంటోందేమో! అతను ఫోన్ చెవికి ఆనించాడు.

“జోయెల్ గారూ, మీరు ఫిట్.”

గడప మీద కూర్చున్నాడు. ఈ మాట వింటే భయం పోతుందనుకున్నాడు. ఇంకా ఎక్కువైంది.

“సోమవారం ఇద్దరూ వచ్చి అడ్మిట్ అవ్వండి,” అంది డాక్టరమ్మ, “ఇక మీ లివర్‌లో సగం మీ అక్కకు ఒంటబట్టాలి.”