చెక్క మీద చెయ్యి

శనివారం మధ్యాహ్నం తలుపు తట్టిన పెద్దాయన్ని లోపల కూర్చోబెట్టి, ఎఫీ గబగబా పెరటివైపు పరుగెత్తింది.

"వచ్చేశాడయ్యా! పడవ దిగి తిన్నగా మనింటికే వచ్చాడు!"

"ఎవరు?" అన్నాడు మొగుడు టోర్క్విల్, తను నడిపే బస్సు అద్దం తుడుస్తూ.

"ఇంకెవరు, అవతలి దీవి ఫార్కర్ గారు! పండక్కి వస్తాడని ఊరంతా అనుకుంటున్నారుగా."

టోర్క్విల్ చేతిలోని గుడ్డ జారి బురదలో పడింది.

లూయిస్ దీవిలో, చర్చిలో అంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు బల్ల పండుగ వచ్చిందంటే ఊళ్లో ఏ ఇంటి తలుపుకీ గడియ ఉండదు. వచ్చినవాళ్లకి పక్క వేయాలి, కడుపునిండా పెట్టాలి.

చర్చిలో వాయిద్యాలుండవు. ఒకడు నిలబడి కీర్తనలో ఒక్కో పాదం ఎత్తుకుంటే, జనమంతా అందుకుంటారు. మొన్నటిదాకా ఆ పని టోర్క్విల్ మేనమామది. ఆయన పోయాక సంఘ పెద్దలు దాన్ని మేనల్లుడి మెడకు చుట్టారు. రేపే మొదటిసారి, అదీ నాలుగూళ్ల జనం ముందు.

ఫార్కర్ గారంటే ఆ పనిలో తలపండినవాడు. పేరు విననివాళ్లు లేరు. టోర్క్విల్ ఇంట్లో మాత్రం ఆయన మొహం చూసినవాళ్లు లేరు.

"ఆయనేనా? పేరడిగావా?"

"అన్నం పెట్టకముందే పేరడిగితే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది. ఆ టోపీ చూడు, ఆ నిమ్మళం చూడు. ఆయనే!"

"నా ప్రాణం మీదికొచ్చిందే. బస్సుకైతే బ్రేకుంది. పాట దారి తప్పితే ఎక్కడ తొక్కను?"

"ముందు గడ్డం పీక్కోవడం ఆపు. గుండెల దాకా పెంచింది పీక్కోడానికా?"

ఎఫీ వడ్డించిన చేప తినగానే పెద్దాయన కత్తి అందుకుని, మర్నాటి బంగాళాదుంపలకి తొక్క తీస్తున్నాడు. ఆదివారం ఆ ఊళ్లో ఎవరూ పని ముట్టరు.

"ప్రయాణం బాగా జరిగిందా?" ఎదురుగా కూర్చుంటూ అడిగింది ఎఫీ.

"కెరటాలు లేచాయి తల్లీ. కడుపులోది కడుపులోనే ఉంది, అదే పదివేలు!"

టోర్క్విల్ గొంతు సవరించుకున్నాడు.

"రేపు కీర్తన ఏ స్థాయిలో ఎత్తుకోమంటారండీ?"

పెద్దాయన అతని గడ్డం వంక చాలాసేపు చూశాడు.

"చేపలో ఉప్పు సరిపోయింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు."

టోర్క్విల్ పెళ్లాన్ని పక్కకి లాగాడు.

"విన్నావా? అతి చెయ్యకు, అలాగని నసగకు అంటున్నాడు. గొప్పవాళ్లు తిన్నగా చెప్పరే!"

"నాకైతే చేప సంగతే అనిపించింది," అంది ఎఫీ.

సాయంత్రం భోజనం దగ్గర టోర్క్విల్ చేతిలో చెంచా గిన్నెకి తగిలి టకటకలాడింది. పెద్దాయన మెల్లగా అతని చెయ్యి పట్టుకున్నాడు.

"భయమా?"

టోర్క్విల్ తలూపాడు.

"నువ్వు నిలబడే చోట చెక్క బల్ల ఉంటుందిగా. దాని మీద అరచెయ్యి ఆనించు నాయనా. పైవాడు అక్కడే ఉంటాడు. ఏటా ఏదో ఒక ఊరి పండక్కి వెళ్లి చూసుకుంటున్నాను, ఒక్కసారీ లేకుండా పోలేదు."

'ఇదన్నమాట ఫార్కర్ గారి కిటుకు!' అనుకున్నాడు టోర్క్విల్.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పాదిరిగారు కీర్తన చెప్పి కూర్చున్నారు. టోర్క్విల్ లేచాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసి జనంలోకి చూశాడు.

ముందు వరసలో పెద్దాయన బెంచీ చెక్క మీద చేతులు ఆనించి, అతన్నే చూస్తున్నాడు.

టోర్క్విల్ కూడా బల్ల మీద అరచెయ్యి పెట్టాడు. "దేవా, నువ్వే దిక్కు," అనుకుని మొదటి పాదం ఎత్తాడు. అది మేకపిల్ల అరుపులా వచ్చింది.

అయినా జనం అందుకున్నారు. అన్ని గొంతులూ కలిసి నేలలోకి దిగి, చెక్కలోంచి అతని అరచేతిలోకి పాకాయి. ఇంత బరువు తనొక్కడే మోయాలని ఇన్నాళ్లూ ఎందుకు హడలిపోయాడో అతనికే అర్థం కాలేదు.

ముందు వరసలో పెద్దాయన మొహం వెలిగిపోయింది. బాగుంది, బాగుంది అన్నట్టు తల ఊపాడు.

రెండో పాదం అతని సొంత గొంతులోనే వచ్చింది. ఆఖరి చరణానికి ఎఫీ కళ్లు తుడుచుకోవడం కూడా మానేసింది.

సోమవారం టోర్క్విల్ స్వయంగా పెద్దాయన్ని రేవుకి తీసుకెళ్లాడు.

"మీరు తలూపకపోతే నేను అక్కడే కూలబడేవాణ్ణండీ."

"దుప్పటి వెచ్చగా ఉందయ్యా," అని భుజం తట్టి, పెద్దాయన పడవెక్కాడు.

పడవ కదిలింది. రేవులో తాళ్లు విప్పే మర్డో దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్, నిన్న అదరగొట్టావటగా!"

"ఫార్కర్ గారే దగ్గరుండి కిటుకు చెబితే అదరగొట్టనా? ఆయనంతటివాడు తల ఊపాడు తెలుసా!"

"ఫార్కరెక్కడ? జ్వరమొచ్చి ఆయన ఇల్లే కదల్లేదు."

"మరి ఆ వెళ్లేదెవరు?"

"సోర్లీ తాత. ఓడల్లో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు."

టోర్క్విల్ రేవు అంచుకి పరుగెత్తాడు. పాటగాడు కాకపోయినా తనని నిలబెట్టిన ఆయనకి ఇప్పుడు అసలైన దండం పెట్టాలనిపించింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి "తాతా!" అని గొంతెత్తి అరిచాడు. పెద్దాయన వెనక్కి తిరగలేదు.

మర్డో పగలబడి నవ్వాడు.

"ఎందుకురా ఆ అరుపు? ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడంతే, నీ గడ్డంలో ఆయనకేం కనబడుంటుంది? బాయిలర్ పేలిన రోజు నుంచి తాతకి పిడుగు పడ్డా వినపడదు, చర్చి చెక్క మీద చెయ్యి పెడితేనే పాట మొదలైందనీ, దేవుడు పక్కనే ఉన్నాడనీ తెలిసేది!"