గుప్పెడు గుండీలు

లెక్కల టీచరమ్మ మూడో తరగతిలోకి అడుగుపెట్టేసరికి పిల్లలంతా కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

బల్లల మీద కుప్పలు కుప్పలుగా గుండీలు. చొక్కా గుండీలు, కోటు గుండీలు, ఎవరి దుస్తులకో ఊడిపోయిన పాత ఇత్తడి గుండీలు.

మధ్యలో స్టూలు మీద ఒక పెద్దాయన. ఆయనా కళ్ళు మూసుకునే ఉన్నారు.

"ఏంటండీ ఇది? పిల్లల్ని నిద్రపుచ్చుతున్నారా?"

"ఆటమ్మా. కళ్ళు మూసుకుంటే అందరికీ ఒకటే రూలు."

ఆఖరి పీరియడ్‌కి టీచరు లేక హెడ్మాస్టరు తల పట్టుకున్న రోజుల్లో, "పిల్లలతో లెక్కల ఆటలు ఆడిస్తాను" అంటూ వచ్చారాయన. జీతం అడగలేదు కాబట్టి ఊరూ పేరూ ఎవరూ అడగలేదు.

'అందరికీ' అని ఎవర్ని ఉద్దేశించి అన్నారో టీచరమ్మకి తెలుసు. ముందు బెంచీలో సోడాబుడ్డి కళ్ళద్దాల పాప ఉంది. ముక్కు బోర్డుకి ఆనించినా అంకెలు కనపడవు. బోర్డు మీద ఇచ్చిన పరీక్షలో సున్నా.

ఆ పిల్లని ఇక్కడే ఉంచాలా, వేరే ఊళ్ళో చూపు తక్కువ పిల్లల కోసం ఉన్న ప్రత్యేక బడికి పంపాలా అన్నది ఈ వారంలో తేలిపోవాలి. హెడ్మాస్టరు ఆ భారం టీచరమ్మ మీద పెట్టారు. పిల్ల తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. నిన్ననే వచ్చి, "నన్ను వదిలి అది ఉండలేదమ్మా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మకీ పంపాలని లేదు. అయినా లెక్క రానిది వచ్చిందని ఎలా రాస్తుంది?

"ఎవరు మొదలుపెట్టాలి, పాపా?" అన్నారు పెద్దాయన.

ఆట చిన్నదే. కుప్పలోంచి ఇద్దరూ వంతులేసుకుని ఒకటో, రెండో, మూడో గుండీలు తీయాలి. చిట్టచివరి గుండీ ఎవరికి మిగిలితే వాళ్ళు ఓడినట్టు.

పాప కుప్పని వేళ్ళతో తడిమింది. గుండీల్ని అటూ ఇటూ జరిపింది.

"మీరే, తాతా."

గెలిచింది. పెద్దాయన మరో గుప్పెడు పోశారు. పాప మళ్ళీ తడిమింది.

"ఈసారి నేను."

మళ్ళీ గెలిచింది.

మిగతా పిల్లల్ని మాత్రం ఆయన మొహమాటం లేకుండా వరసపెట్టి ఓడించేశారు. టీచరమ్మకి విషయం అర్థమైపోయింది.

బెల్లు కొట్టాక వరండాలో ఆపింది.

"మీది మంచి మనసేనండీ. కానీ జాలిపడి గెలిపిస్తే పిల్లకి లెక్కలు వచ్చినట్టా?"

"జాలిపడి ఆడటం నాకు చేతకాదమ్మా."

"మరి దాని చేతిలోనే ఎందుకు ఓడిపోతున్నారు?"

"ఓడిపోక ఏం చేయను? అంత బాగా ఆడుతుంటే!"

టీచరమ్మ నవ్వేసింది.

"పోనీ ఒక్క ఆట మీరు దాని ఎదురుగా కూర్చోండి" అన్నారాయన. ఆ మాటలో బతిమాలుకోవడం ఉంది.

"ఇంకా బోలెడు పాఠాలు మిగిలిపోయాయండీ. రేపట్నించి ఆ పీరియడ్ నేనే తీసుకుంటాను."

ఆయన గుండీల సంచి ఆమె చేతిలో పెట్టారు. "పిల్లలు అడిగితే ఇవ్వండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆమె సంచిని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ సాయంత్రమే హెడ్మాస్టరుతో, "ఆ పిల్ల ఇక్కడ నెగ్గుకురాలేదు సార్" అని చెప్పేసింది.

నిజానికి ఆటలంటే గిట్టని మనిషేం కాదు. ఆదివారం పేపర్లో వచ్చే లెక్కల పజిల్ కత్తిరించి పర్సులో పెట్టుకుని, వారమంతా దానితో కుస్తీ పడుతుంది. "ఇది తయారుచేసే మహానుభావుడెవరో మన బడికి ఒక్కసారి వస్తే ఎంత బాగుండు!" అని స్టాఫ్ రూములో అననివారం లేదు.

సోడాబుడ్డి పాప ఆ ప్రత్యేక బడికి వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి, ఒక నడివయసు ఆవిడ తరగతి గుమ్మంలో నిలబడింది.

"ఇక్కడ గుండీల ఆట ఆడించేవారే, ఆయన కూతుర్నండీ. నాన్న కిందటి నెల పోయారు."

"అయ్యో!" అంది టీచరమ్మ. మనస్ఫూర్తిగానే అంది. "ఎంత మంచి మనిషి! కళ్ళు సరిగ్గా కనపడని పిల్ల అని దాని చేతిలో కావాలని ఓడిపోయేవారు."

"ఎవరు, నాన్నా?" ఆవిడకి ఏడుపులోనే నవ్వొచ్చేసింది. "చిన్నప్పుడు జ్వరంతో మూలుగుతున్నా నన్ను ఒక్క ఆట గెలవనిచ్చిన పాపాన పోలేదండీ. అమ్మ తిట్టిపోసేది. మా ఆయనైతే ఆటంటేనే పారిపోయేవారు."

టీచరమ్మ బీరువా తెరిచింది. సంచి తెచ్చి ఇవ్వబోయి, ఎందుకో గుప్పెడు గుండీలు బల్ల మీద పోసింది. పాప వేళ్ళు ఎలా కదిలేవో గుర్తొచ్చింది. ఊరికే జరపడం కాదది. నాలుగేసి, నాలుగేసి.

తనూ అలాగే జరిపింది. చివర ఒకటి మిగిలింది. మొదట తీసినవాళ్ళు ఎన్ని తీసినా, దానితో కలిపి నాలుగయ్యేలా రెండోవాళ్ళు తీస్తూ పోతే ఆ ఒక్కటీ వాళ్ళకే మిగులుతుంది. అందుకే "మీరే, తాతా" అంది. అప్పట్లో బోర్డు మీద రోజూ తను గొంతు చించుకుని చెప్పిన భాగహారం, శేషం ఇదే.

ఆమె గుండీల్ని మళ్ళీ సంచిలో పోసి ఆవిడ ముందుకి జరిపింది.

"గుండీలు మీ పిల్లలకే ఉంచండి" అంది ఆవిడ, తరగతిలోని ముఖాలన్నీ ఒక్కొక్కటే వెతుకుతూ. "ఆదివారం పేపర్లో ఇన్నేళ్ళూ లెక్కల పజిల్ పెట్టిన మా నాన్నని ఓడించిన ఒకే ఒక్క పాపని చూసి వెళదామని వచ్చాను, ఎక్కడ కూర్చుంటుందండీ?"