ఆఖరి మోటారు

కౌంటర్ మీదున్నది ఒక్కటే మోటారు. దాని కోసం చాచిన చేతులు మాత్రం రెండు.

"నాది" అంది కోడలు.

"పొద్దున్నే ఫోన్ చేసి చెప్పానమ్మా" అన్నాడు పక్కనున్న మనిషి.

"నేనూ ఫోన్ చేసే వచ్చాను."

ఇద్దరూ కలిసి షాపాయన వైపు చూశారు. ఆయన తల గోక్కున్నాడు.

"రెండు ఫోన్లలోనూ ఒకటే మోడల్ చెప్పారు. ఒక ఇంటివాళ్ళే రెండుసార్లు చేశారనుకున్నా. ఇదే ఆఖరిది. కంపెనీ ఈ మోడల్ ఎప్పుడో ఆపేసింది."

కోడలికి నీరసం వచ్చింది. ఆ మోటారు కోసం ఆమె పడని పాట్లు లేవు.

ఇంటాయన అద్దె వాటాతో పాటు ఇచ్చిన ఫ్రిజ్ అది. పైన ఐస్ గడ్డ కడుతుంది, కింద పాలు విరిగిపోతాయి. తలుపు రబ్బరు వదులైందేమోనని మధ్యలో కాగితం పెట్టి మూసి లాగి చూసింది. కాగితం కదల్లేదు, రబ్బరు బాగానే ఉంది. ఫ్రిజ్ ఆపేసి ఐసంతా కరిగించి చూసింది. అదీ కాదు. చివరికి తలుపు మూసి ఉందని ఫ్రిజ్ అనుకునేలా, తలుపు దగ్గరుండే బటన్ వేలితో నొక్కిపట్టి, చెవి పెట్టి వింది. చల్లగాలిని కిందికి తోసే ఫ్యాన్ చప్పుడే లేదు.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే వేరే మోటారు వచ్చింది. తలుపు మీది స్టిక్కర్ చూసి నంబరు కొట్టింది మరి. కావలసింది మోటారు మీది నంబరట.

పాలదేముంది, ఏ పూటకాపూట తెచ్చుకోవచ్చు. మామయ్య ఇంజెక్షన్లకే వచ్చింది చిక్కంతా. వాటిని పై వాటా అక్క ఫ్రిజ్‌లో పెట్టింది. వీళ్ళు ఈ వాటాలో దిగినప్పట్నుంచీ భర్త ఓడ ఉద్యోగంలోనే ఉంటే ఒంటరిగా నెట్టుకొస్తున్న మనిషి ఆవిడ. ఏమీ అనదు. అనని మనిషి మీద ఎన్నాళ్ళని పడతాం?

పక్కనున్న మనిషిని ఎగాదిగా చూసింది. చొక్కా చేతులకు గ్రీజు మరకలు, జేబులో స్క్రూడ్రైవరు. మెకానిక్కే, సందేహం లేదు.

"ఏవండీ, ఉన్నవన్నీ కొనేసి దాచుకుని, అవసరంలో ఉన్నవాళ్ళకి అమ్ముకుంటారు. మీలాంటి వాళ్ళ వల్లే మాకు ఒక్క పార్టు దొరకదు!"

షాపాయన ఏదో అనబోయాడు. ఆ మనిషి చేత్తో వారించాడు.

"అమ్ముకోవడానికి కాదమ్మా. మా ఇంట్లోకే."

"అయితే ఏం? మీకు నాలుగు కూరగాయలు వాడిపోతాయి, అంతేగా! మా మామయ్య మందులు గడ్డ కట్టకూడదు, వేడెక్కకూడదు. అటూ ఇటూ అయితే ఆయన ప్రాణం మీదికొస్తుంది. ఎన్నాళ్ళని ఒకరింట్లో పెట్టుకోను?"

ఆ మనిషి ఆమె వంక కాస్త పరీక్షగా చూశాడు.

"ఎవరింట్లో పెట్టారమ్మా?"

"ఎవరింట్లో అయితే మీకెందుకండీ?"

ఆయన కౌంటర్ మీదికి వంగాడు. మోటారును ఆమె వైపు జరిపాడు.

"తీసుకో తల్లీ. బిగించే ముందు ప్లగ్గు తీసెయ్. స్క్రూలు మరీ బిగించకు, రెక్క రాసుకుంటుంది."

అడక్కుండానే సలహా ఒకటి! కోడలు డబ్బు కట్టి, మోటారు సంచిలో వేసుకుని గబగబా మెట్లు దిగింది.

ఇంట్లో మామయ్య కుర్చీ లాక్కుని ఫ్రిజ్ ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మాయ్, ప్లగ్గు తీశావా?"

"తీశాను మామయ్యా."

"ఏదీ, చూపించు."

చూపించింది. పాత మోటారు విప్పుతూ షాపులో గొడవంతా చెప్పింది. "నాలుగు దులిపేసరికి దారికొచ్చాడు."

"థాంక్స్ చెప్పావా?"

"ఎందుకు మామయ్యా?"

"ఇచ్చాడుగా."

కోడలు స్క్రూలు బిగించింది. మరీ గట్టిగా బిగించలేదు.

తెల్లారేసరికి కింది అరలో నీళ్ళ సీసా చేతికి జిల్లుమంది. ఆమె సంబరంగా మందులు తెచ్చుకోవడానికి పై వాటాకి వెళ్ళింది.

అక్క ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. అరలన్నీ ఖాళీ.

"ఇదేంటక్కా?"

"మాదీ మూలపడిందమ్మాయ్. మొన్న రాత్రి నుంచే చల్లదనం తగ్గింది. చెబితే నువ్వు కంగారు పడతావని ఊరుకున్నా. మా ఆయన నిన్న తెల్లారుతూనే సెలవు మీద వచ్చారు. వస్తూనే విప్పి చూసి, ఫ్యాన్ మోటారన్నారు. దానికోసం వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారు."

రెండు వాటాలకూ ఇంటాయన ఒకే రకం ఫ్రిజ్ ఇచ్చాడన్న సంగతి కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. 

"మరి... మామయ్య మందులు?"

"వాటికేం, మహారాజుల్లా ఉన్నాయి." అక్క మూలనున్న థర్మోకోల్ పెట్టె మూత తీసింది. చుట్టూ బజారు నుంచి తెచ్చిన ఐసు ముక్కలు, మధ్యలో పొడి తువ్వాలు, ఆ మడతల్లో ఇంజెక్షన్లు.

"బావగారు ఉన్నారా అక్కా?"

"ఎక్కడ! ఓడ ముందే బయల్దేరుతోందని కబురొస్తే తెల్లారకముందే వెళ్ళిపోయారు. మళ్ళీ ఎన్నాళ్ళకో."

కోడలికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. పెట్టె అందుకుంది.

"వెళ్ళేదాకా ఆ ఐసు మార్చడమే పని ఆయనకి. నాకూ ఒకటే జాగ్రత్తలు, గడ్డ కట్టకూడదు, వేడెక్కకూడదు అని" నవ్వింది అక్క. "నాకే తెలీదు ఆ సంగతి, ఆయనకెవరు చెప్పారో!"

ఎవరు చెప్పారో, ఎంత గట్టిగా అరిచి చెప్పారో కోడలికి తెలుసు.