విప్పగలిగిన చెయ్యి

ప్రతి శుక్రవారం నా భార్య దమయంతి తన కుడిచెయ్యి విప్పి, వైరు తగిలించి, కిటికీలో పెడుతుంది. జీడిమిల్లులో పోయిన చేతికి బదులు వచ్చిన మరచెయ్యి అది. ఆ పూట అన్నం నేనే కలిపి పెట్టాలి.

దానిలోని చిప్‌ను తయారుచేసిన కంపెనీ ఎన్నడో వదిలేసింది. అమ్మినదాన్ని మరిచిపోవడమే ఇప్పుడు వ్యాపారం. అలాంటి దిక్కులేని చిప్‌ల కోసం దేశదేశాల జనం కలిసి ఇంటర్నెట్టులో ఉచితంగా నడుపుకొనే లైను ఒకటుంది. కొత్త ప్రోగ్రాం రాగానే ఒక్కో రకం చిప్‌కు సరిపడేలా దానంతటదే తయారుచేసి పంపుతుంది. కాకపోతే ఆ రకం చిప్ ఒకటైనా పరీక్షకు లైనులో ఉండాలి. లేకపోతే ఆ రకాన్ని జాబితాలోంచి కొట్టేస్తారు. ఇదే చిప్‌ను గుండెలో పెట్టించుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు విప్పి ఇవ్వలేరు. విప్పగలిగింది మా ఆవిడ చెయ్యొక్కటే. అందుకే శుక్రవారం శుక్రవారం అది పరీక్షకు లైనెక్కుతుంది.

మొన్న శుక్రవారం ఆ కంపెనీ మనిషి కొత్త చెయ్యి తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"ఊరికే ఇస్తున్నామమ్మా. పాతది మాకు అప్పగిస్తే చాలు."

"అప్పగిత్తే మా రకానికి లైను ఆగిపోద్ది. గుండెలో ఇదే సిప్పున్నోల్లందరూ కొత్తది కొనడానికి మీ గుమ్మంలో నిలబడాల. అంతేనేటి?" అన్నాను.

"లోకం గొడవ మీకెందుకండీ? చదువుకున్నవాళ్లు చూసుకుంటారు."

"ఆల్లు సూసుకునే కదేటి ఇక్కడిదాకా వచ్చింది!"

వాడు ఆవిడ వైపు తిరిగాడు. "ఇదైతే సూదిలో దారం కూడా ఎక్కిస్తుందమ్మా."

దమయంతి ఆ మెత్తటి వేళ్లను కాసేపు నిమిరింది. తరువాత ఎత్తి వాడికే తిరిగి అందించింది.

"ఎడంసేత్తో ఇత్తన్నానని ఏటీ అనుకోకు బావూ. కుడిసెయ్యి పన్లో ఉంది."